విలియం కూపర్ నిరాశ, జాన్ న్యూటన్ కాపరితనము: ఒక పునఃపరిశీలన

ఓల్నీ కీర్తనల పుస్తకము 1779లో అచ్చయింది. అందులోని 348 కీర్తనలలో అరవైకి పైగా విలియం కూపర్ (1731–1800) వ్రాసినవి. మిగిలినవి ఓల్నీ సంఘకాపరి జాన్ న్యూటన్ వ్రాసినవి. (ఆంగ్ల అక్షరాలను బట్టి మనవారు "కౌపర్" అని చదువుతారు గాని ఆ ఇంటిపేరు పలుకుబడి "కూపర్" అనే.) ఆ పుస్తకము ప్రజల చేతికి వచ్చేనాటికి దాని రచయితలలో ఒకడు ఆరు సంవత్సరాలుగా ఆరాధనకు వెళ్లడము మానివేశాడు. దేవుడు తనను శాశ్వతముగా త్రోసివేశాడని నమ్మాడు. మరణము వరకు ఆ నమ్మకము ఆయనను విడిచినట్లు కనబడదు.

కూపర్ జీవితచరిత్రకారులలో కొందరు ఈ నేరాన్ని న్యూటన్ మీద మోపారు. న్యూటన్ బోధించిన కాల్విన్ సిద్ధాంతము, ముఖ్యముగా దేవుని ఏర్పాటును గూర్చిన బోధ, సున్నితమైన ఒక మనస్సును పిచ్చిలోనికి నెట్టిందని వారి వాదము. మన సంఘాలలోనైతే మరొక మాట వినబడుతుంది: నిజమైన విశ్వాసియైతే ఇంత కృంగుదల ఎందుకు వస్తుంది? ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుగా కనిపించినా రెంటికీ పునాది ఒక్కటే. మనిషి నమ్మినదానిలోనో నమ్మకపోయినదానిలోనో కృంగుదలకు కారణము ఉన్నదని రెండూ తలుస్తున్నాయి. తేదీలను వరుసగా చూస్తే ఈ తలంపు నిలబడదని మేము భావిస్తున్నాము.

కూపర్ ఆరేండ్లవాడై ఉండగా తల్లి చనిపోయింది. లండన్‌లో న్యాయశాస్త్రము చదువుతున్న రోజులలోనే ఒకసారి తీవ్రముగా కృంగిపోయాడు. 1763లో బంధువొకని సహాయముతో ప్రభువుల సభలో గుమాస్తా పదవి ఆయనకు దక్కబోయింది. ఎదుటి వర్గము ఆ నియామకాన్ని ప్రశ్నించడముతో సభ యెదుట నిలిచి పరీక్ష ఇవ్వవలసి వచ్చింది. నెలల తరబడి ఆ కార్యాలయానికి వెళ్లి సభా దినచర్య పుస్తకాలు తెరిచేవాడు, చదివినది తలకెక్కేది కాదు. ఎవరు ఏమి అడుగుతారో, ఫలితమేమో తెలియని ఆ ఎదురుచూపు ఆయనను విరిచివేసింది. ఆ దినము సమీపించగా తన ప్రాణము తానే తీసుకొనడానికి ఒకటికి మించి ప్రయత్నాలు చేశాడు. ఇదంతా జరిగేనాటికి న్యూటన్ ఆయనకు తెలియదు. వారిద్దరి పరిచయము 1767లో గాని జరగలేదు.

ఆ ఎదురుచూపు ఎందుకంత భారమైనదో ఇటీవలి మనస్తత్వశాస్త్ర పరిశోధన కొంతవరకు చెప్పగలుగుతున్నది. 1994లో కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయములో మార్క్ ఫ్రీస్టన్, మిషెల్ డ్యుగా మొదలైనవారు అనిశ్చయతను సహించలేకపోవడము అనే గుణాన్ని కొలవడానికి 27 అంశాల ప్రశ్నావళిని తయారుచేశారు. కొందరికి ఏమి జరుగుతుందో తెలియకపోవడమే భరించరానిదనీ, అదుపులేని చింతకూ దానికీ దగ్గర సంబంధము ఉన్నదనీ వారు చూపారు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటరు ఆట ఆడించారు. రాయి క్రింద పాము ఉన్నదో లేదో ఊహించాలి, పాము కనబడితే చేతికి విద్యుత్ షాకు తగులుతుంది. షాకు తప్పదని తెలిసినవేళ కంటె సగము సగము అవకాశము ఉన్నవేళనే వారిలో ఒత్తిడి అత్యధికముగా కనిపించింది. చెమట, కంటిపాప కొలతలు కూడా అదే చెప్పాయి. ప్రయోగశాలలోని షాకుకూ ఒక మనిషి బ్రతుకుకూ చాలా దూరము ఉన్నది, నిజమే. రెండు శతాబ్దాల క్రితము చనిపోయినవానికి మనము రోగనిర్ధారణ చేయజాలము. అయినను 1763 నాటి కూపర్‌ను భక్తిహీనుడనో పిరికివాడనో తేల్చివేయకుండా ఈ పరిశోధన మనలను ఆపుతుంది.

ఆ యేడు డిసెంబరులో ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లోని డాక్టర్ నథానియేల్ కాటన్ వైద్యశాలలో చేర్చారు. లండన్‌లోని బెత్లెహేం ఆసుపత్రిలో మానసిక రోగులను వినోదముగా చూడడానికి జనము వచ్చే కాలము అది. ఆ ఆచారము 1770 వరకు సాగింది. కాటన్ దయగల వైద్యుడు, భక్తిపరుడు. అక్కడ ఉండగానే 1764లో రోమా 3:25 చదువుతూ కూపర్ క్షమాపణ నిశ్చయతను పొందాడు. కనుక సువార్త ఆయన జీవితములోనికి వ్యాధిగా రాలేదు, వైద్యముతో కలిసి స్వస్థతగా వచ్చింది. తరువాతి కొన్ని సంవత్సరాలు ఆయనకు మంచి సంవత్సరాలు.

1773 జనవరిలో పాత చీకటి తిరిగి వచ్చింది. ఫిబ్రవరిలో వచ్చిన ఒక కలలో తన పని అయిపోయినదని, తాను నశించినవాడనని తీర్పు విన్నాడు. సిద్ధాంతము ఇక్కడ ప్రవేశించిన మాట వాస్తవము. పదేండ్ల క్రితము ప్రభువుల సభ తీర్పుకు వణికినవాడు ఇప్పుడు దేవుని తీర్పుకు వణికాడు. కాని రక్షింపబడినవానిని దేవుడు చివరివరకు కాపాడుతాడన్నది న్యూటన్ బోధ. రక్షణ పొందిన తరువాత తాను ఒక్కడు మాత్రము త్రోసివేయబడ్డానన్నది కూపర్ నమ్మకము. ఈ నమ్మకము ఆ బోధకు ఫలితము కాదు, దానికి విరుద్ధము. వ్యాధి తన చేతికి అందిన భాషను తొడుక్కొన్నదని మేము అంటాము.

న్యూటన్ ఏమి చేశాడు? వాక్యము చూపించాడు, తర్కించాడు, ఫలించలేదు. ఏప్రిల్‌లో కూపర్ న్యూటన్ ఇంటికి వచ్చి, నడిచి వెళ్లేంత దూరములోనే తన ఇల్లు ఉన్నప్పటికీ, తిరిగి వెళ్లడానికి ఒప్పుకొనలేదు. 1774 మే వరకు, అనగా పదమూడు నెలలకు పైగా, కాపరి ఇంటిలోనే ఉండిపోయాడు. మధ్యలో మరలా ప్రాణము తీసుకొనే ప్రయత్నము జరిగింది. న్యూటన్ డాక్టర్ కాటన్ సలహా కూడా కోరాడు. ప్రార్థన చేసేవాడు వైద్యుని అడగకూడదనే ఆలోచన ఆ కాపరికి లేదు. మన మధ్య కొందరికి ఇప్పటికీ ఉన్నది.

ఈ సందర్భములో కెన్నెత్ పార్గమెంట్ బృందము 2001లో ప్రకటించిన అధ్యయనము సేవకులు ఎరిగియుండదగినది. అమెరికాలోని డర్హమ్‌లో ఆసుపత్రిలో చేరిన 55 ఏండ్లు పైబడిన 596 మంది రోగులను వారు సుమారు రెండేండ్లు గమనించారు. దేవుడు నన్ను విడిచిపెట్టాడేమోనని తలంచినవారిలో మరణించే అవకాశము 28 శాతము, దేవుని ప్రేమను శంకించినవారిలో 22 శాతము, ఇది సాతాను పని అనుకొన్నవారిలో 19 శాతము ఎక్కువగా కనబడింది. వ్యాధి తీవ్రతను, మానసిక స్థితిని లెక్కలోనికి తీసుకొన్న తరువాత కూడా ఈ తేడా మిగిలింది. ఒకటి మరొకదానికి కారణమని దీనితో రుజువు కాలేదు. అయితే రోగి మంచము ప్రక్కన నిలిచి "నీలో అవిశ్వాసము ఉన్నది", "ఇది దురాత్మ క్రియ" అని పలికే కాపరి ఏ తలంపులను బలపరుస్తున్నాడో ఆలోచించవలసియున్నది.

కూపర్ మాత్రము పనిలో కొంత ఊరట పొందాడు. 1774లో పొరుగువారు ఇచ్చిన కుందేలు పిల్లతో మొదలుపెట్టి మూడింటిని పెంచాడు: పస్, టైనీ, బెస్. మనస్సును నిలిపే పని ఏదో ఒకటి అవసరమై వాటిని చేరదీశానని 1784లో జెంటిల్‌మన్స్ మ్యాగజీన్‌లో తానే వ్రాశాడు. వడ్రంగము, తోటపని, ఉత్తరాలు, తరువాత కవిత్వము, హోమర్ అనువాదము వచ్చాయి. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో నీల్ జేకబ్సన్ బృందము కృంగుదల చికిత్సలోని భాగాలను విడదీసి చూచింది. రోగిని దినదిన కార్యాలలోనికి తిరిగి నడిపించే భాగము ఒక్కటే పూర్తి చికిత్సతో సమానముగా పనిచేసినట్లు కనుగొన్నది. కుందేళ్ల బోను చేసుకొంటున్న కూపర్‌కు ఇది ఎవరూ నేర్పలేదు.

న్యూటన్ 1780లో లండన్‌కు వెళ్లాడు, ఉత్తరాలు మాత్రము మానలేదు. చాలా ఏండ్లు కూపర్‌ను తల్లివలె సాకిన మేరీ అన్విన్ 1796లో మరణించింది. ఆయన చివరి ఏండ్లు ఈస్ట్ డేరమ్‌లో, జాన్ జాన్సన్ అనే బంధువు చెంత గడిచాయి. ఆయన కూడా సంఘ సేవకుడే. గంటల తరబడి పుస్తకాలు చదివి వినిపించేవాడు, హోమర్ ప్రతిని దిద్దడానికి కూర్చోబెట్టేవాడు. ఆ దిద్దుబాటు 1799లో పూర్తయింది. 1800 ఏప్రిల్ 25న కూపర్ కన్నుమూసేవరకు జాన్సన్ ఆయనను తన యింటనే ఉంచుకొన్నాడు.