సమీకరణం మీద పడిన నింద

1946 జూలై 1 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం ఐన్‌స్టైన్‌ది. ఆయన వెనుక పుట్టగొడుగులా లేచిన మేఘం, ఆ మేఘం మీద ‘ఈ ఈక్వల్ టు ఎంసీ స్క్వేర్’ అన్న రాత. హిరోషిమా బూడిదై అప్పటికి ఏడాది నిండలేదు. ఎనభై ఏళ్లు గడిచినా ఆ బొమ్మ వేసిన ముద్ర చెరగలేదు. ఐన్‌స్టైన్ సూత్రం కనిపెట్టాడు, సూత్రంలోంచి బాంబు పుట్టింది అని మన పిల్లలు ఇప్పటికీ వల్లె వేస్తున్నారు. ఈ కథ తప్పు. బాంబులో శక్తి ఎక్కడిదో, బాంబుకు బాధ్యులెవరో రెండింటినీ మరుగున పడేసే తప్పు. అందుకే మొదటినుంచీ ఒకసారి తిరగేసి చూడాలి.

1905లో బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్న ఐన్‌స్టైన్‌కు ఇరవై ఆరేళ్లు. సెప్టెంబరు చివర ఒక జర్మన్ భౌతికశాస్త్ర పత్రికకు మూడు పేజీల వ్యాసం పంపాడు. మనకు తెలిసిన రూపంలో సూత్రం అందులో లేదు. శక్తికి ‘ఎల్’, కాంతి వేగానికి ‘వి’ అని పెట్టుకుని, ఒక వస్తువు ఎల్ అంత శక్తిని వెలుగుగా వదిలితే, ఆ ఎల్‌ను వి వర్గంతో భాగిస్తే ఎంత వస్తుందో అంత ద్రవ్యరాశి దానిలో తగ్గుతుందని రాశాడు. రేడియం లవణాలతో పరీక్షించి చూడవచ్చేమో అని చివర ఒక మాట అన్నాడు. అదే ఏడాది స్నేహితుడు హాబిష్ట్‌కు రాసిన ఉత్తరంలో, ఆలోచన ముచ్చటగానే ఉంది గానీ దేవుడు నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అని అనుమానపడ్డాడు కూడా. శక్తికీ ద్రవ్యరాశికీ ఏదో చుట్టరికం ఉందని థామ్సన్, పాంకరే వంటివారు అంతకుముందే తడుముతూ ఉన్నారు. ఆ చుట్టరికం అన్ని రకాల శక్తికీ వర్తిస్తుందని తేల్చి చెప్పింది ఐన్‌స్టైన్.

అన్ని రకాల శక్తికీ! మన ప్రచారం మింగేసింది సరిగ్గా ఈ మాటనే. పొయ్యి మీద కాగిన పాలు, చల్లారిన పాలకన్నా ఏ తక్కెడకూ అందనంత కొద్దిగా బరువు. కీ ఇచ్చిన గడియారమూ అంతే. ఒక టన్ను టీఎన్‌టీ పేలాక, వేడంతా చల్లారనిచ్చి, పొగనూ వాయువులనూ మసినీ పోగుచేసి తూచగలిగితే దాదాపు 46 మైక్రోగ్రాములు తక్కువ తూగుతుంది. నాగసాకి మీద పడిన బాంబు 21,000 టన్నుల టీఎన్‌టీకి సమానం. అక్కడ తగ్గిన ద్రవ్యరాశి సుమారు ఒక గ్రాము. మరి నిజంగానే 21,000 టన్నుల టీఎన్‌టీ తెచ్చి ఒకచోట పోసి పేలిస్తే? తగ్గేది అదే ఒక్క గ్రాము. మందుగుండుకైనా ప్లుటోనియానికైనా సమీకరణం ఒకటే. అది కరణంగారి చిట్టా లాంటిది. ఏ చేను ఎంత పండిందో తప్పు లేకుండా రాస్తుంది. పంట మాత్రం చిట్టాలో పండదు.

పంట ఎక్కడ పండిందో తెలియాలంటే 1932కి రావాలి. ఆ ఏడాది కేంబ్రిడ్జిలో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. అక్కడే కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ ప్రోటాన్లతో లిథియం కేంద్రకాన్ని చీల్చి, తగ్గిన ద్రవ్యరాశికీ వెలువడిన శక్తికీ లెక్క సరిపోయిందని చూపారు. మరుసటేడు లండన్‌లో హంగేరీ శాస్త్రవేత్త లియో జిలార్డ్‌కు ఒక ఊహ తట్టింది. ఒక న్యూట్రాన్ తగిలినప్పుడు రెండు న్యూట్రాన్లను వదిలే మూలకం ఏదైనా దొరికితే గొలుసు చర్య నడుస్తుంది! బాంబుకు అసలు మూలం ఈ ఊహే.

1938 క్రిస్మస్ రోజులు. హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన భౌతిక శాస్త్రవేత్త లీజా మైట్నర్, మేనల్లుడు ఓటో ఫ్రిష్‌తో కలిసి కుంగెల్వ్ దగ్గర మంచులో నడుస్తోంది. బెర్లిన్ నుంచి రసాయన శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్‌ల కబురు ఆమె దగ్గరుంది. యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే బేరియం వస్తోందట. ఎలా? ఇద్దరూ ఒక చెట్టు దుంగ మీద కూర్చుని కాగితపు ముక్కల మీద లెక్కలు వేశారు. యురేనియం కేంద్రకం నీటిబొట్టులా సాగి, నడుము సన్నబడి రెండైతే, ఆ రెండు ముక్కల్లోని ప్రోటాన్లు ధన విద్యుదావేశం కారణంగా ఒకదాన్నొకటి భయంకరంగా నెట్టుకుంటాయి. ఆ తోపు శక్తి సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులని తేలింది. తర్వాత మైట్నర్ ఐన్‌స్టైన్ సూత్రంతో సరిచూసింది. రెండు ముక్కల బరువు కలిపితే మొదటి కేంద్రకం కన్నా ప్రోటాన్ బరువులో అయిదో వంతు తగ్గుతోంది. దాని విలువా అదే 20 కోట్లు. నన్నడిగితే ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన గడియ లేదు. శక్తినిచ్చింది విద్యుత్ వికర్షణ, సమీకరణం దానికి సాక్షి సంతకం పెట్టింది. ఇంకొకటి. ఈ చీలికలో, అంటే విచ్ఛిత్తిలో, ఒక్క ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ మాయం కాదు. పదార్థం కరిగి శక్తిగా మారిపోతుందని పుస్తకాల్లో కనిపించే వర్ణన ఇక్కడ చెల్లదు. తగ్గింది వాటి మధ్య అమరికకు చెందిన ద్రవ్యరాశి మాత్రమే.

అయితే బాంబును బాంబుగా చేసింది ఏమిటి? వేగం. న్యూట్రాన్ల ఒక తరం నుంచి మరో తరానికి సెకనులో పది కోట్లో వంతు చాలు. పేలుడుకు చాలిన ఎనభై తరాలు మైక్రోసెకను లోపే ముగుస్తాయి. పోలికకు సూర్యుణ్ణి చూడండి. అదే సమీకరణం ప్రకారం సూర్యుడు ప్రతి సెకనుకూ 42 లక్షల టన్నుల ద్రవ్యరాశి కోల్పోతున్నాడు. కానీ ఆయన నడిబొడ్డులో ఒక ఘనమీటరు చోట పుట్టే శక్తి 300 వాట్లలోపే, మన ఇళ్లల్లో నాలుగు సీలింగ్ ఫ్యాన్లకు సరిపోయేంత. నెమ్మదిగా జరుగుతోంది కనుకే మనం బతికి ఉన్నాం.

1939 జూలైలో జిలార్డ్ వచ్చి గొలుసు చర్య సంగతి చెప్పేదాకా ఐన్‌స్టైన్‌కు ఆ ఆలోచనే లేదు. ఆగస్టు 2 తేదీతో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఆయన సంతకం చేసి పంపిన ఉత్తరంలో యురేనియం ఉంది, కాంగో గనులు ఉన్నాయి, సమీకరణం లేదు. ఆ తర్వాత సైన్యం ఆయన్ను నమ్మదగినవాడు కాదని తేల్చి బాంబు పనికి దూరంగా ఉంచింది. బాంబు తయారైన లాస్ అలమోస్‌లో కొత్తగా వచ్చినవారికి పాఠాలు చెప్పిన రాబర్ట్ సెర్బర్ చాలా ఏళ్ల తర్వాత, విచ్ఛిత్తిని వివరించడానికి సాపేక్ష సిద్ధాంతం అక్కరే లేదని రాశాడు. ఆ బాంబు వెనుక షింకోలొబ్వే గనిలో ఖనిజం తవ్విన కాంగో కూలీలు ఉన్నారు. ఓక్‌రిడ్జ్, హాన్‌ఫర్డ్ కర్మాగారాల్లో తాము ఏం తయారు చేస్తున్నారో తెలియకుండా పనిచేసిన వేలాది మంది ఉన్నారు. 200 కోట్ల డాలర్లు ఉన్నాయి. నగరాల మీద వేయమన్న ఆజ్ఞ ఉంది.

మరి సమీకరణం ముందుకెలా వచ్చింది? నాగసాకి తర్వాత మూడు రోజులకు, 1945 ఆగస్టు 12న, అమెరికా ప్రభుత్వం బాంబు తయారీని వివరించే స్మైత్ నివేదిక విడుదల చేసింది. రసాయనశాస్త్రం, లోహశాస్త్రం, బాంబు కూర్పు రహస్యాలు. చెప్పగలిగింది అందరికీ తెలిసిన భౌతికశాస్త్రమే. కాబట్టి నివేదిక సమీకరణంతో మొదలైంది, పత్రికలు దాన్నే పట్టుకున్నాయి.

మిగతా అపోహలకు ఇంత చరిత్ర అక్కర్లేదు. బాంబు పేలితే గాలి మొత్తం అంటుకుంటుందన్న భయం 1942లో బాంబు శాస్త్రవేత్త టెల్లర్ లేవనెత్తినదే. సహచరుడు బేతే లెక్కలు దాన్ని తోసిపుచ్చాయి. 2023 నాటి ఓపెన్‌హైమర్ సినిమాలో ఆ లెక్కలు ఐన్‌స్టైన్ దగ్గరికి వెళ్తాయి, నిజానికి బాంబు పనికి సారథి ఓపెన్‌హైమర్ వెళ్లింది భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ దగ్గరికి. బ్రహ్మాస్త్రమే అణుబాంబని, మొహెంజొదారో అణుపేలుడుతో నాశనమైందని మన దగ్గర గట్టిగా నమ్మేవారున్నారు. అక్కడ దొరికిన అస్థిపంజరాలు వేర్వేరు కాలాలవి, ఇటుక గోడలు నేటికీ నిలబడే ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రం బాంబులా పేలుతుందన్నదీ నిజం కాదు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన భారజల రియాక్టర్లకు తయారుచేసే సహజ యురేనియం ఇంధనంలో చీలే యురేనియం–235 నూటికి 0.7 వంతు మాత్రమే. చెర్నోబిల్‌లో జరిగింది అణుబాంబు పేలుడు కాదు, దాని గాయం వేరు. బాంబు భయం సంగతి అలా ఉంచితే, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు అడుగుతున్నది బోరు నీళ్ల గురించి, పైర్ల గురించి. జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది.

సైన్సు పాఠం చెప్పే మాస్టార్లకు, పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఒక మనవి. సమీకరణం పక్కన పుట్టగొడుగు మేఘం బొమ్మ తీసేయండి. అక్కడ లీజా మైట్నర్ ఫొటో పెట్టండి. విచ్ఛిత్తి కనుగొన్నందుకు 1944 నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. బాంబు పనికి రమ్మని పిలుపు వచ్చినప్పుడు ఆమె రానని చెప్పింది.