నియోక్లాసికల్, యాంబియంట్ వాద్య సంగీతం

పియానో, వయొలిన్, చెల్లో వంటి పాశ్చాత్య శాస్త్రీయ వాద్యాలకు సింథసైజర్, టేపు, కంప్యూటర్ తోడై, గాత్రం దాదాపు లేకుండా, కొద్దిపాటి స్వరాలతో నింపాదిగా సాగే సమకాలీన సంగీతానికి ఈ జంట పేరు స్థిరపడింది. మాక్స్ రిక్టర్, నిల్స్ ఫ్రామ్, ఓలవుర్ ఆర్నల్డ్స్, యోహాన్ యోహాన్సన్, హిల్డుర్ గుడ్నదోత్తిర్, లుడోవికో ఐనౌడీ ఈ బాటలో ప్రసిద్ధులు. సినిమాల ద్వారా, టీవీ ధారావాహికల ద్వారా, ఫోన్లలో వినే పాటల వరుసల ద్వారా వీళ్ల సంగీతం పేరు తెలియనివాళ్ల చెవుల్లోకి కూడా చేరిపోయింది.

‘నియోక్లాసికల్’ అన్న మాట కాస్త తికమక పెడుతుంది. 1920లో ‘పుల్చినెల్లా’ బాలే రాసిన ఇగోర్ స్ట్రావిన్‌స్కీ, ఆయన దారిన 18వ శతాబ్దపు రూపాలను తిరగరాసిన స్వరకర్తలు అప్పటికే ఆ పేరు కింద చరిత్రకెక్కారు. ఇప్పటివాళ్లకు వాళ్లతో చుట్టరికం తక్కువ. అందుకే కొందరు ‘పోస్ట్ క్లాసికల్’ అనీ, ‘మోడరన్ క్లాసికల్’ అనీ అంటుంటారు. ‘యాంబియంట్’ మాత్రం సూటిగా ఉంటుంది. దాని అర్థం చుట్టూ ఆవరించి ఉన్నది అని.

ఈ సంగీతాన్ని నెమ్మదితనంతోనో విషాదంతోనో గుర్తుపట్టబోతే పొరపాటు పడతాం. అంతకన్నా నమ్మకమైన ఆనవాలు గదిలో పుట్టే చప్పుళ్లతో దానికున్న స్నేహం. పాశ్చాత్య కచేరీ హాలులో శ్రోత దగ్గినా రసభంగమే. ఇక్కడ వాన, పియానో సుత్తుల టకటక, కుర్చీ కిర్రుమనడం, వాయించేవాడి ఊపిరి కూడా సంగీతంలో భాగమైపోయాయి. చప్పుళ్లకు ఈ తలుపు ఒక్క రోజులో తెరుచుకోలేదు. దానికి నూరేళ్లకు పైగా పట్టింది.

తొలి అడుగులు

1888లో ‘జిమ్నోపెడీలు’ రాసిన ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీతో కథ మొదలవుతుంది. మూడు చిన్న పియానో ముక్కలు. వాటిలో పరుగు లేదు, పతాక సన్నివేశం లేదు. తర్వాత ఆయన ‘గృహోపకరణ సంగీతం’ అనే ఆలోచన చేశాడు. కుర్చీలా, తెరలా గదిలో ఉండాల్సిన సంగీతమన్నమాట, కూర్చుని వినాల్సినది కాదు. 1920 మార్చిలో పారిస్‌లోని ఒక చిత్రశాలలో, నాటకం విరామ సమయంలో, తోటి స్వరకర్త డారియస్ మియోతో కలిసి దాన్ని ప్రయోగించాడు. వాద్యం మొదలవగానే జనం మాటలాపి శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు. సతీ వాళ్ల మధ్య తిరుగుతూ, మాట్లాడుకోండి, వినకండి అని బతిమాలాడట. ప్రయోగం విఫలమైందనే చెప్పుకుంటారు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో అంత ముద్దొచ్చే ఘట్టం ఇంకొకటి లేదు. మనిషి చెవికి సంగీతాన్ని పట్టించుకోకుండా ఉండటం ఎంత కష్టమో అక్కడ తేలిపోయింది.

సతీని కొత్త తరానికి పరిచయం చేసినవాడు అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్. 1946లో అహ్మదాబాద్ నుంచి న్యూయార్క్ వెళ్లిన గీతా సారాభాయ్ ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, బదులుగా భారతీయ సంగీతం నేర్పింది. సంగీతం దేనికి అని కేజ్ అడిగితే, మనసును నెమ్మదింపజేసి దైవానికి తావివ్వడానికి అని తన గురువు చెప్పిన మాట వినిపించింది. కేజ్ ఆ మాటను జీవితాంతం తలచుకుంటూనే ఉన్నాడు. 1952లో ఆయన రచన ‘4 నిమిషాల 33 సెకన్లు’ వేదికెక్కినప్పుడు పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్ ఒక్క స్వరం కూడా వాయించలేదు. సభలో ఆ కాసేపూ వినబడ్డ చప్పుళ్లే ఆ రచన. అదే ట్యూడర్ 1969లో అహ్మదాబాద్‌ జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్ కూడా అక్కడ పనిచేసింది. ఆ స్టూడియో టేపులు దశాబ్దాలపాటు అటకెక్కి ఉండి, 2023లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి.

తంబుర వాటా

ఈ చరిత్రలో మన తంబురకు ఉన్న వాటాను పాశ్చాత్య పుస్తకాలు ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తుంటాయి. నిజానికి ఆ వాటా ఇంకా ఎక్కువ. 1960లలో అమెరికాలో మినిమలిజం పుట్టింది. చిన్న స్వర సముదాయాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ, మార్పును చాలా మెల్లగా రానివ్వడం దాని పద్ధతి. టెర్రీ రైలీ 1964లో రాసిన ‘ఇన్ సి’, స్టీవ్ రైష్ 1976లో ముగించిన ‘18 మంది వాద్యకారుల కోసం సంగీతం’ దాని మైలురాళ్లు. ఇదే బాటలో నడిచిన ఫిలిప్ గ్లాస్ పారిస్‌లో చదువుకుంటూ, ‘చాపాక్వా’ సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య వాద్యకారులకు అర్థమయ్యేలా స్వరలిపిలో రాసిపెట్టే పనిలో చేరాడు. చిన్న చిన్న గతులను కలుపుకుంటూ పోయి పెద్ద తాళ చక్రం కట్టే పద్ధతి ఆయనకు అక్కడే తట్టింది. 1970లో కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ న్యూయార్క్ చేరాక స్వరకర్తలు లా మాంటె యంగ్, టెర్రీ రైలీ ఆయనకు శిష్యులయ్యారు. గురువు కోసం తంబురలు శ్రుతి చేస్తూ, ఒక్క స్వరంలో ఎన్ని స్వరాలు దాగి ఉన్నాయో వినడం నేర్చుకున్నారు. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు గొంతు విప్పకముందు వినిపించే శ్రుతిని ఎరిగిన తెలుగు శ్రోతకు యాంబియంట్ కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

మంచం మీద పుట్టిన ఆల్బమ్

1975 జనవరిలో ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో ప్రమాదానికి గురై మంచం పట్టాడు. పరామర్శకు వచ్చిన స్నేహితురాలు జూడీ నైలన్ 18వ శతాబ్దపు హార్ప్ సంగీతం రికార్డు తెచ్చింది. ఆమె వెళ్లాక ఎలాగో లేచి దాన్ని పెట్టుకుని తిరిగి పడుకున్నాడు. శబ్దం మరీ తక్కువగా ఉంది, పైగా స్టీరియోలో ఒక పక్క పనిచేయడం లేదు. మళ్లీ లేచి సరిచేసే ఓపిక లేదు. బయటి వాన చప్పుడులో హార్ప్ అప్పుడప్పుడూ తేలుతూ వినిపించింది. అలా వినడమే కొత్త సంగీతానికి దారి అయిందని ఈనో అదే ఏడు వచ్చిన ‘డిస్క్రీట్ మ్యూజిక్’ ఆల్బమ్ అట్ట మీద రాసుకున్నాడు.

1978లో ‘యాంబియంట్ 1: విమానాశ్రయాల కోసం సంగీతం’ తయారైంది. కొలోన్ విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు అక్కడ మోగుతున్న సంగీతం ఆయనకు రుచించలేదు. విమాన ప్రయాణమంటే లోపల ఎక్కడో చావు భయం ఉంటుంది, పైపై హుషారు ఆ భయాన్ని పోగొట్టదు. అందులో ఒక రచన కోసం కొద్దిమంది గొంతులతో ఒక్కో స్వరాన్ని పాడించి, ఒక్కోదాన్ని వేరే పొడవున్న టేపు చుట్టగా అతికించాడు. ఒకటి 23న్నర సెకన్లకు తిరిగొస్తే, ఇంకొకటి దాదాపు 26 సెకన్లకు, మరొకటి 30కి కాస్త ముందు వస్తుంది. ఈ పొడవులకు పొత్తు కుదరదు గనుక స్వరాల కలయిక ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. పట్టించుకుంటే ఆసక్తిగా, పట్టించుకోకపోతే అడ్డు రాకుండా ఉండాలన్నది ఆయన పెట్టుకున్న కొలత. పారిస్‌లో సతీ బతిమాలి సాధించలేనిది ఇక్కడ టేపు సాధించింది.

ఆ వరుసలో రెండోది 1980లో అమెరికన్ స్వరకర్త హరాల్డ్ బడ్‌తో చేసినది. మొజావీ ఎడారిలో, గాలికి టెలిఫోన్ తీగలు హోరెత్తే ఊళ్లో పెరిగిన బడ్ వాయించిన పియానోలో ఆ ఎడారి ఎప్పుడూ ఉంటుంది. ఇటు జపాన్‌లో హిరోషి యోషిమురా 1982లో ‘తొమ్మిది పోస్టు కార్డుల కోసం సంగీతం’ చేసి, టోక్యోలోని హారా కళా ప్రదర్శనశాలలో వినిపించాడు. అక్కడ ఈ ధోరణిని ‘కన్‌క్యో ఒంగాకు’, అంటే పరిసర సంగీతం, అన్నారు.

తూర్పు యూరప్ నుంచి మరో పాయ వచ్చి కలిసింది. ఎస్టోనియాకు చెందిన ఆర్వో పార్ట్ సోవియట్ పాలనలో ఏళ్ల తరబడి దాదాపు మౌనంగా ఉండి, మధ్యయుగపు చర్చి గీతాలను అధ్యయనం చేశాడు. 1976లో ‘ఆలీనా కోసం’ అనే చిన్న పియానో రచనతో మళ్లీ ముందుకొచ్చాడు. రెండు వరుసల స్వరాలు చిరుగంటల్లా ఒకదాని పక్కన ఒకటి మోగుతాయి, అంతే.

2000 తర్వాత

నేడు నియోక్లాసికల్ అంటున్నది 21వ శతాబ్దం మొదట్లో రూపుకట్టింది. ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే రికార్డు చేసుకునే వీలు వచ్చింది. రాక్, మెటల్ బృందాల్లో వాయించిన కుర్రాళ్లు పియానో ముందు కూర్చున్నారు. ఓలవుర్ ఆర్నల్డ్స్ అలా డ్రమ్స్ నుంచి వచ్చినవాడే. 2007లో లండన్‌లో మొదలైన ‘ఇరేజ్డ్ టేప్స్’ సంస్థ వీళ్లలో చాలామందికి నీడ అయింది.

మాక్స్ రిక్టర్ జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగాడు. ఐనౌడీలాగే ఆయన కూడా ఇటలీ స్వరకర్త లుచానో బెరియో శిష్యుడు. అతి జటిలమైన సంగీతం రాసిన గురువుకు ఇంత సరళంగా రాసే శిష్యులు ఇద్దరు ఉండటం విశేషం. 2004 నాటి ‘ద బ్లూ నోట్‌బుక్స్’ను రిక్టర్ ఇరాక్ యుద్ధానికి నిరసనగా చేశానని చెప్పాడు. 2015లో వచ్చిన ‘స్లీప్’ ఎనిమిది గంటలకు పైగా సాగుతుంది. ప్రదర్శనలో ప్రేక్షకులకు కుర్చీల బదులు మంచాలు వేస్తారు, నిద్రపోవడమే వినడం.

ఐస్‌లాండ్‌కు చెందిన యోహాన్ యోహాన్సన్ (1969–2018) తండ్రి ఐబీఎం యంత్రాల మరమ్మతు ఇంజినీరు. పాత 1401 కంప్యూటర్ నడుస్తున్నప్పుడు వెలువడే విద్యుదయస్కాంత తరంగాలను ఆయన రేడియోతో పట్టి టేపులో భద్రపరిచాడు. 2006లో కొడుకు ఆ టేపుల చుట్టూ తీగవాద్యాలు అల్లి ఒక ఆల్బమ్ చేశాడు. పదవీ విరమణ పొందిన యంత్రానికి ఇంతటి వీడ్కోలు మరొకటి వినలేదు. యోహాన్సన్‌తో కలిసి పనిచేసిన చెల్లో విద్వాంసురాలు హిల్డుర్ గుడ్నదోత్తిర్ 2019 నాటి ‘చెర్నోబిల్’ ధారావాహిక కోసం లిథువేనియాలో మూతబడిన అణు విద్యుత్ కేంద్రానికి వెళ్లి, అక్కడి శబ్దాలనే వాద్యాలుగా వాడింది. మరుసటి ఏడు ‘జోకర్’కు ఆస్కార్ అందుకుంది.

బెర్లిన్‌లో నిల్స్ ఫ్రామ్ అర్ధరాత్రి వాయిస్తే పొరుగువాళ్లకు నిద్రాభంగం. అందుకని సుత్తులకూ తీగలకూ మధ్య మందపాటి ఉన్ని గుడ్డ పెట్టి, మైకులను తీగల పక్కకు చేర్చాడు. పియానో గొంతు తగ్గింది, దాంతో కొయ్య కదలిక, వేళ్ల రాపిడి, తన ఊపిరి పైకి తేలాయి. 2011లో వచ్చిన ‘ఫెల్ట్’ ఆల్బమ్ అదే. మరుసటి ఏడు బొటనవేలు దెబ్బతింటే మిగిలిన తొమ్మిది వేళ్లతో తొమ్మిది ముక్కలు వాయించి శ్రోతలకు ఉచితంగా ఇచ్చాడు. పియానోకు 88 మెట్లు ఉంటాయి గనుక ఏడాదిలో 88వ రోజును పియానో దినంగా జరపడం 2015లో మొదలుపెట్టింది కూడా ఆయనే.

ఈ ఆదరణకు మరో ముఖం కూడా ఉంది. స్ట్రీమింగ్ వేదికల్లో ‘ప్రశాంత పియానో’, ‘చదువుకు సంగీతం’ వంటి జాబితాలు కోట్లమందికి చేరాక, వాటిని నింపడానికి కల్పిత పేర్లతో చవకగా ముక్కలు రాయించి పెడుతున్నారని పత్రికలు వెలికి తీశాయి. పరధ్యానంగా వినేవాడికి తేడా తెలియదన్న ధీమా అది. ఈనో కొలతలో సగాన్నే పట్టుకున్నారు. అడ్డు రాకపోవడం మిగిలింది, ఆసక్తి పోయింది. ఇది చిన్న నష్టమని నేను అనుకోను.

మరోవైపు జపాన్ స్వరకర్త ర్యూయిచి సకమోతో ఉన్నాడు. 2011 సునామీలో మియాగీ ప్రాంతపు పాఠశాల పియానో నీట మునిగింది. చాలా మెట్లు శ్రుతి తప్పాయి. మొదట ఆయనకు అది వాద్యం శవంలా తోచింది. పోనుపోనూ ఆలోచన మారింది. కొయ్యను వంచి, తీగల్ని టన్నుల బలంతో బిగించి మనిషి చేసుకున్న శ్రుతిని ప్రకృతి సడలించి తన స్థితికి తెచ్చుకుందని భావించి, ఆ ధ్వనిని 2017లో ‘అసింక్’ ఆల్బమ్‌లో వాడుకున్నాడు. క్యాన్సర్ చికిత్స పొందుతూ దినచర్యలా వాయించి పెట్టుకున్నవాటిలోంచి పన్నెండు ముక్కలు ఏరి, 2023 జనవరి 17న, తన 71వ పుట్టినరోజున ‘12’ పేరుతో విడుదల చేశాడు. వాటి పేర్లు దాదాపు అన్నీ వాయించిన తేదీలే. పియానో స్వరాల సందుల్లో ఆయన ఊపిరి బరువుగా, స్పష్టంగా వినిపిస్తుంది. దాన్ని తుడిచేయకుండా అలాగే ఉంచాడు. మార్చి 28న కన్నుమూశాడు.