ముట్లుడుగుట

ముట్లు, ఉడుగు కలిసిన మాట ఇది. గాలివాన ఉడిగింది అన్నప్పటి ఉడగడమే ఇక్కడా: మెల్లగా తగ్గి ఆగడం. వైద్య గ్రంథాల మాట రజోనివృత్తి. ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1821లో వాడిన పేరు మెనోపాజ్. నిజామాబాద్, బోధన్ పల్లెల్లో మాత్రం ‘ముట్లు ఆగినయ్’ అంటే చాలు. ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒంట్లో సెగ, చెమట, నిద్రలేమి ఈ దశ గుర్తులే. ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు ముట్లుడగడాన్ని 50 ఏళ్లకు చెప్పాడు. చైనా ప్రాచీన గ్రంథం హువాంగ్‌డీ నేయ్‌జింగ్ స్త్రీ జీవితాన్ని ఏడేళ్ల మెట్లుగా లెక్కించి 49 ఏళ్లకు చెప్పింది. మూత్రపిండాల్లోని చలువ శక్తి, ‘యిన్’, తరిగి వేడి పైకెక్కుతుందని చైనా వైద్యుల వివరణ. సుశ్రుతుడి వయసు లెక్క, చైనా లెక్క ఇంత దగ్గరగా ఉండటం విశేషమే. గర్భసంచి తీయించుకుంటే ముట్లు ఆగుతాయి గానీ, అండాశయాలు మిగిలితే అది నిజమైన ఉడుగుడు కాదు. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఉడిగినట్టు; ఆ తర్వాత మళ్లీ రక్తం కనబడితే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.