గర్భసంచి తొలగించాక ఈస్ట్రోజన్ చికిత్స: ఎవరికి మేలు, ఎవరికి ముప్పు?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్ పేరు 2012 జులైలో ఒక విషాదకర కారణంతో దేశమంతటా వినిపించింది. రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డు ఉన్న పేద కుటుంబాలకు ఏటా 30 వేల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు అందేది. ఆ సొమ్ము కోసం కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు అవసరం లేకపోయినా మహిళల గర్భసంచులను తొలగించాయన్న ఆరోపణలు అప్పుడు వెలుగులోకి వచ్చాయి. నడుము నొప్పి, తెల్లబట్ట వంటి సమస్యలతో వెళ్లిన వారిని క్యాన్సర్ వస్తుందని భయపెట్టారన్న ఫిర్యాదులూ వచ్చాయి. స్థానిక పత్రికలు దీనిని 'గర్భాశయ కాండ్' అని పిలిచాయి.

ఛత్తీస్‌గఢ్, బిహార్, రాజస్థాన్‌లలో ఇటువంటి శస్త్రచికిత్సలపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

న్యాయస్థానం శస్త్రచికిత్స అవసరమా, కాదా అన్న విషయాన్ని పరిశీలించింది. అయితే ఆపరేషన్ జరిగిపోయిన మహిళ ముందు మరో ప్రశ్న మిగిలి ఉంటుంది. ముప్ఫై అయిదేళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు మొదలైతే ఆమె ఏం చేయాలి? హార్మోన్ మాత్రలు వాడవచ్చా? వాడితే క్యాన్సర్ వస్తుందా?

ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల మహిళలకూ సంబంధించినదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు

గర్భసంచి తీసేస్తే నెలసరి ఆగిపోతుంది. కానీ అది మాత్రమే మెనోపాజ్ కాదు. ఈస్ట్రోజన్‌ను ప్రధానంగా తయారు చేసేవి అండాశయాలు. వాటిని అలాగే ఉంచి గర్భసంచిని మాత్రమే తొలగిస్తే హార్మోన్ల ఉత్పత్తి కొనసాగుతుంది. అయితే అటువంటి వారిలో అండాశయాల పనితీరు సాధారణం కంటే కొంత ముందుగా తగ్గే అవకాశం ఉంది.

రెండు అండాశయాలనూ తొలగిస్తే పరిస్థితి వేరు. సహజ మెనోపాజ్‌లో కొన్నేళ్లపాటు క్రమంగా జరిగే మార్పు ఇక్కడ కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. లక్షణాలు కూడా తీవ్రంగా ఉంటాయి. వైద్యులు దీనిని 'శస్త్రచికిత్స వల్ల వచ్చే మెనోపాజ్' అంటారు.

భారతీయ మహిళల్లో సహజ మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది సుమారు 51 ఏళ్లు. 45 ఏళ్ల లోపు వస్తే త్వరిత మెనోపాజ్‌గా, 40 ఏళ్ల లోపు వస్తే అకాల మెనోపాజ్‌గా పరిగణిస్తారు.

'బచ్చేదానీ తీసేశారు' అని రాయ్‌పుర్ పల్లెల్లోనూ, 'గర్భసంచి ఆపరేషన్ అయింది' అని తెలుగు ఊళ్లలోనూ చెప్పుకుంటారు. అండాశయాలు ఉన్నాయా, తీసేశారా అన్నది ఆ మాటల్లో తెలియదు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి పత్రంలో ఆ వివరం ఉండాలి. పత్రం లేకపోతే స్కానింగ్, అవసరమైతే రక్తంలో హార్మోన్ల పరీక్ష ద్వారా వైద్యులు ఒక అంచనాకు వస్తారు. చికిత్సకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

'వేడి చేసింది' అనుకునే లక్షణాలు

ఛాతీ నుంచి ముఖం వరకు హఠాత్తుగా వేడి ఆవిర్లు రావడం, రాత్రివేళ చెమటతో పక్క తడిసిపోవడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, మతిమరుపు, యోని పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం మెనోపాజ్‌లో కనిపించే ప్రధాన లక్షణాలు. చాలామంది వీటిని 'ఒంట్లో వేడి చేసింది' అనుకుని మజ్జిగతోనో సబ్జా నీళ్లతోనో సరిపెట్టుకుంటారు.

పైకి కనిపించని మార్పు ఎముకల్లో జరుగుతుంది. ఈస్ట్రోజన్ తగ్గిన తర్వాత ఎముకలు త్వరగా బలహీనపడతాయి. చిన్న వయసులోనే అండాశయాలు కోల్పోయినవారిలో ఎముకలు విరిగే ముప్పుతో పాటు గుండె జబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది.

అయితే ప్రతి చెమటా మెనోపాజ్ వల్లనే అనుకోకూడదు. థైరాయిడ్ సమస్యలోనూ ఇటువంటి లక్షణాలుంటాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు కలిసి కనిపిస్తే క్షయ పరీక్ష చేయించుకోవాలి.

ఈస్ట్రోజన్ చికిత్స ఎలా ఇస్తారు?

శరీరంలో తగ్గిన ఈస్ట్రోజన్‌ను బయటి నుంచి తక్కువ మోతాదులో అందించడమే ఈ చికిత్స. వేడి ఆవిర్లను తగ్గించడంలో ఇప్పటివరకు ఉన్న మందుల్లో ఇదే అత్యంత ప్రభావవంతమైనది. ఎముకల క్షీణతను కూడా నివారిస్తుంది. మాత్రలు, చర్మంపై రాసుకునే జెల్, అంటించుకునే ప్యాచ్, యోనిలో వాడే క్రీమ్ రూపాల్లో ఈ మందు ఉంటుంది.

గర్భసంచి ఉన్న మహిళకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. అది గర్భాశయ లోపలి పొరను అదేపనిగా పెంచుతుంది. దీనివల్ల ఆ పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. అప్పటి నుంచి ఆ పొరకు రక్షణగా ప్రొజెస్టరాన్ తరహా హార్మోన్‌ను కలిపి ఇస్తున్నారు. గర్భసంచి తొలగించినవారికి సాధారణంగా ఈ రెండో హార్మోన్ అవసరం ఉండదు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారి విషయంలో మాత్రం వైద్యులు వేరుగా ఆలోచిస్తారు.

యోని పొడిబారడం, మూత్ర సమస్యలు మాత్రమే ఉంటే యోనిలో వాడే తక్కువ మోతాదు క్రీమ్ సరిపోతుంది. దీనిలో రక్తంలోకి చేరే హార్మోన్ చాలా స్వల్పం.

భయం ఎక్కడ మొదలైంది?

హార్మోన్ చికిత్స పేరు చెప్పగానే క్యాన్సర్ గుర్తుకు రావడానికి ప్రధాన కారణం అమెరికాలో జరిగిన 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అధ్యయనం. గర్భసంచి ఉన్న 16,608 మంది మహిళలతో చేపట్టిన దాని మొదటి భాగాన్ని 2002 జులైలో గడువుకు ముందే ఆపేశారు. రెండు హార్మోన్లూ కలిపి వాడిన ప్రతి 10 వేల మందిలో ఏడాదికి రొమ్ము క్యాన్సర్ కేసులు 8, గుండె జబ్బులు 7, పక్షవాతం కేసులు 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన కేసులు 8 అదనంగా నమోదయ్యాయి. అదే సమయంలో తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 చొప్పున తగ్గాయి.

ఈ వార్త వెలువడిన తర్వాత ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మహిళలు చికిత్స మానేశారు. కానీ ఆ అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు వయసు సుమారు 63 ఏళ్లు. మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటినవారే వారిలో ఎక్కువ. ఆ ఫలితాలను 40 లేదా 50 ఏళ్ల మహిళలకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. పాల్గొన్నవారిని 18 ఏళ్లపాటు గమనించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, హార్మోన్లు వాడినవారికీ వాడనివారికీ మధ్య మొత్తం మరణాల రేటులో తేడా కనిపించలేదు.

రాయ్‌పుర్ మహిళల వంటి వారికి ఈ అధ్యయనం రెండో భాగం మరింత ముఖ్యమైనది. గర్భసంచి తొలగించిన 10,739 మందికి అందులో ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి చూశారు. 2004లో దీనినీ ఆపేశారు. పక్షవాతం కేసులు ఏడాదికి 10 వేల మందిలో 12 అదనంగా రావడం అందుకు కారణం. కానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తుంటి ఎముక విరిగిన కేసులు 6 తగ్గాయి.

రొమ్ము క్యాన్సర్ విషయంలో అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. పలు దేశాల సమాచారాన్ని క్రోడీకరించి 2019లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించిన విశ్లేషణ మరో అంచనా ఇచ్చింది. 50 ఏళ్ల వయసులో మొదలుపెట్టి అయిదేళ్లు వాడితే, తర్వాతి కాలంతో కలిపి 69 ఏళ్లలోపు, రెండు హార్మోన్లను రోజూ వాడినవారిలో ప్రతి 50 మందికి ఒకటి, ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో ప్రతి 200 మందికి ఒకటి చొప్పున అదనపు రొమ్ము క్యాన్సర్ కేసు రావచ్చని తెలిపింది. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే ముప్పు తక్కువన్న విషయంలో రెండు అధ్యయనాలదీ ఒకే దిశ.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబర్‌లో ఈ మందుల పెట్టెలపై గుండె జబ్బులు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు వ్యాధికి సంబంధించి ఉన్న తీవ్ర హెచ్చరికను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఉంటుందన్న హెచ్చరికను మాత్రం కొనసాగించింది.

దుష్ప్రభావాలు ఏమిటి?

చికిత్స మొదలుపెట్టిన తొలి వారాల్లో రొమ్ముల్లో సలుపు, వికారం, తలనొప్పి, కడుపు ఉబ్బరం, కాళ్ల తిమ్మిర్లు రావచ్చు. గర్భసంచి ఉన్నవారిలో కొద్దిగా రక్తపు మరకలు కనిపించవచ్చు. ఇవి చాలామందిలో మూడు నెలల్లో సర్దుకుంటాయి. లేదంటే మోతాదునో, మందు రూపాన్నో మారుస్తారు.

తీవ్రమైన దుష్ప్రభావాల్లో ముఖ్యమైనది సిరల్లో రక్తం గడ్డకట్టడం. నోటి ద్వారా తీసుకునే మాత్ర ముందుగా కాలేయానికి చేరి, రక్తం గడ్డకట్టించే పదార్థాల ఉత్పత్తిని పెంచుతుంది. చర్మం ద్వారా ఇచ్చే జెల్, ప్యాచ్‌లు నేరుగా రక్తంలో కలుస్తాయి. సాధారణ మోతాదుల్లో వీటివల్ల ఈ ముప్పు పెరిగినట్లు అధ్యయనాల్లో కనిపించలేదు. అందుకే స్థూలకాయం, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి వైద్యులు వీటికే ప్రాధాన్యం ఇస్తారు.

ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం, హఠాత్తుగా మాట తడబడటం, చూపు మందగించడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరు వాడకూడదు?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గుండెపోటు లేదా పక్షవాతానికి గురైనవారు, కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు సాధారణంగా ఈ చికిత్స తీసుకోకూడదు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందు ఆ కారణాన్ని కనుక్కోవాలి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కే అయినా, పరీక్ష తప్పనిసరి.

ఛత్తీస్‌గఢ్‌లో మరో జాగ్రత్త అవసరం. ఈ రాష్ట్రంలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. రాయ్‌పుర్‌లో దీనికోసం ప్రత్యేక సంస్థే ఉంది. ఈ వ్యాధి ఉన్నవారికి రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ కాబట్టి, హార్మోన్ల ప్రస్తావన వచ్చినప్పుడు ఆ విషయం వైద్యులకు తప్పక చెప్పాలి. పళ్లకు రుద్దుకునే గుడాఖు సహా ఏ రూపంలో పొగాకు వాడుతున్నా దాచకూడదు. పొగాకు గుండెకూ రక్తనాళాలకూ హాని చేస్తుంది.

చిన్న వయసులో మెనోపాజ్ వస్తే లెక్క వేరు

యాభై ఏళ్లు దాటిన మహిళకు హార్మోన్ చికిత్స లక్షణాల నుంచి ఉపశమనం కోసం ఎంచుకునే మార్గం. ముప్ఫై అయిదేళ్లకు అండాశయాలు కోల్పోయిన మహిళకు అది శరీరం ఇంకా పదేళ్లకు పైగా తయారు చేయాల్సిన హార్మోన్‌ను తిరిగి అందించడం. అందుకే అభ్యంతరాలేవీ లేకపోతే, సహజంగా మెనోపాజ్ రావాల్సిన వయసు వరకైనా చికిత్స కొనసాగించాలని అంతర్జాతీయ వైద్య సంఘాలు సిఫారసు చేస్తున్నాయి. లక్షణాలు పెద్దగా లేకపోయినా ఎముకలు, గుండె రక్షణ కోసం ఈ సిఫారసు వర్తిస్తుంది.

సహజ మెనోపాజ్ వచ్చినవారిలో 60 ఏళ్ల లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే మేలు ఎక్కువ, ముప్పు తక్కువ. ఆ తర్వాత కొత్తగా మొదలుపెట్టడాన్ని సాధారణంగా ప్రోత్సహించరు.

హార్మోన్లు వద్దనుకుంటే

హార్మోన్లు పనికిరానివారికి, ఇష్టం లేనివారికి వేరే మార్గాలున్నాయి. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి మందులు వేడి ఆవిర్లను కొంతమేర తగ్గిస్తాయి. మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే భాగంపై పనిచేసే ఫెజోలినెటాంట్‌కు అమెరికా 2023లో అనుమతి ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవారు పారోక్సెటిన్ తీసుకోకూడదు. అది టామోక్సిఫెన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది.

క్యాల్షియం ఉన్న ఆహారం, విటమిన్ డి, రోజూ నడక, బరువు అదుపు ప్రతి ఒక్కరికీ అవసరమే. రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు ఎముకలకు మేలు చేస్తాయి. కానీ అండాశయాలు లేని యువతికి ఈస్ట్రోజన్ లోటును ఆహారం ఒక్కటే పూడ్చలేదు.

వైద్యుల వద్దకు వెళ్లే ముందు

మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే మాత్రలు కావు ఇవి. చికిత్స మొదలుపెట్టే ముందు రక్తపోటు, మధుమేహం, కొవ్వు, రొమ్ము పరీక్షలు చేస్తారు. తర్వాత కనీసం ఏడాదికోసారి సమీక్షించి, కొనసాగించాలా, మోతాదు తగ్గించాలా అన్నది నిర్ణయిస్తారు. అందరికీ వర్తించే ఒకే గడువు అంటూ లేదు.

మహిళలు అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్నలు ప్రధానంగా మూడు. నా అండాశయాలు ఉన్నాయా? నాకు ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుందా, రెండో హార్మోన్ కావాలా? నా వయసుకు, నా ఆరోగ్య చరిత్రకు మాత్ర మేలా, జెల్ మేలా?

గర్భసంచి తొలగించాలని ఎవరైనా సలహా ఇస్తే అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ ఆపరేషన్ నిజంగా అవసరమా? మరో వైద్యుల అభిప్రాయం తీసుకోవడం ప్రతి మహిళ హక్కు. ఆపరేషన్ తప్పనిసరైతే అండాశయాలను ఉంచుతారా, తీసేస్తారా అన్నది సంతకం పెట్టకముందే తెలుసుకోవాలి. డిశ్చార్జి పత్రాన్ని భూమి పట్టా అంత భద్రంగా దాచుకోవాలి. పదేళ్ల తర్వాత ఆమెకు ఏ చికిత్స అవసరమో చెప్పేది ఆ కాగితమే.