పుర్రచేతి పిల్లకు గోల్ఫ్ కర్రలు

గోల్ఫ్ కర్రకు ముఖం ఉంటుంది. బంతిని తాకే ఆ చదునైన వైపును ఆడేవాళ్లు ఫేస్ అనే అంటారు. క్రికెట్ బ్యాటైతే ఎవరైనా ఎటువైపు నిలబడైనా ఆడొచ్చు, ఇంట్లో ఒక్కటుంటే అన్నదమ్ములిద్దరికీ సరిపోతుంది. గోల్ఫ్ కర్ర అలా కాదు. కుడివైపు ఆడేవాళ్ల కోసం చేసినదాన్ని ఎడమవైపు నిలబడి ఊపితే బంతికి తగిలేది కర్ర వీపు. ఒక పక్కనే ముక్కున్న గిన్నెతో ఎడమచేత్తో పాలు వంపి చూడండి, సంగతి అర్థమవుతుంది. బంతిని గుంటలోకి నెట్టే పటర్లలో మాత్రం రెండువైపులా ముఖమున్నవి కొన్ని దొరుకుతాయి. మిగతావన్నీ కుడివి కుడివే, ఎడమవి ఎడమవే.

మా చిన్నమ్మాయికి తొమ్మిదేళ్లు. రాత, బంతి విసరడం, జడ దువ్వుకోవడం అన్నీ ఎడమచేత్తోనే. దాన్ని వేసవిలో గోల్ఫ్ నేర్పే చోట చేర్పించాం. రెండో రోజే కోచ్ గారు, "అమ్మా, ఇప్పుడే కుడికి మార్చేద్దాం. ఎడమ సెట్లు తేలిగ్గా దొరకవు, వాడాక కొనేవాళ్లూ ఉండరు" అన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అంగట్లో సరుకు లేదని పిల్ల చెయ్యి మార్చడమేమిటనిపించింది. అప్పుడు మొదలుపెట్టాను ఈ ఆట చరిత్ర చదవడం.

గోల్ఫ్ పుట్టిన స్కాట్లాండ్‌లో ఒకప్పుడు కర్రలన్నీ చేత్తో చెక్కినవే. కొయ్య తలను కొయ్య కాడకు అతికి, దారం చుట్టి బిగించేవారు. చేత్తో చెక్కే కాలంలో ఎడమవాటం మనిషి వచ్చి అడిగితే తలను అటు తిప్పి చెక్కడమే, అది మా ఊరి వడ్రంగి మంచం కోడు చెక్కినంత పని. ఫ్యాక్టరీలు వచ్చాక లెక్క మారింది. ఉక్కు కాడలున్న కర్రలను బ్రిటన్‌లో 1929లో ఒప్పుకున్నారు. నంబర్లు వేసిన సెట్లు అమ్మడం మొదలైంది. ఆటగాళ్లు సంచి నిండా మోసుకొస్తుంటే, 14 కర్రలకు మించకూడదని 1938లో అమెరికాలో, మరుసటి ఏడు బ్రిటన్‌లో నియమం పెట్టాల్సి వచ్చింది. సెట్టులో ప్రతి తలకూ ఒక అచ్చు కావాలి. ఎడమవాటానికి మళ్లీ అన్ని అచ్చులూ వేరే. కొనేవాళ్లు తక్కువ, అందుకని చేసేది తక్కువ, దొరకవు కాబట్టి నేర్చుకునేవాళ్లూ తక్కువ. మన కోచ్ గారి మాట వెనకున్న చరిత్ర అంతా ఇదే.

ఇక ఆటగాళ్ల సంగతి. ఏటా జరిగే నాలుగు పెద్ద పోటీలను మేజర్లంటారు. ఎడమవైపు ఆడి మేజర్ గెలిచిన మొదటివాడు న్యూజిలాండ్‌కు చెందిన బాబ్ చార్ల్స్. 1963లో ఇంగ్లండ్‌లోని రాయల్ లిథమ్‌లో జరిగిన ఓపెన్‌లో ఫిల్ రాడ్జర్స్‌తో సమానంగా నిలిచి, 36 గుంటల ప్లేఆఫ్‌లో 8 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. విచిత్రమేమిటంటే ఆయనది పుర్రచెయ్యి కాదు! మిగతా పనులన్నీ కుడిచేత్తోనే. తల్లిదండ్రులిద్దరూ ఎడమవైపు ఆడేవాళ్లు, ఇంట్లో ఉన్నవి ఆ కర్రలే. వాటితోనే నేర్చుకున్నాడు.

ఇలాంటి కథ మనకూ ఉంది. సౌరవ్ గంగూలీ కుడిచేతివాడే. అన్నగారి క్రికెట్ సామాను వాడుకోవచ్చని ఎడమవైపు బ్యాటింగ్ నేర్చుకున్నాడు. సచిన్ రాసేది ఎడమచేత్తో, ఆడింది కుడివైపు. ఇవి చదివాక నాకో సంగతి తెలిసింది. పెన్ను పట్టే చెయ్యి వేరు, రెండు చేతులతో కర్ర ఊపే వైపు వేరు. చాలామందికి రెండూ ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు. పిల్ల ఎడమచేత్తో రాస్తుంది కాబట్టి ఎడమ సెట్టే కొనాలని పట్టుబట్టడమూ తొందరపాటే.

బాబ్ చార్ల్స్ తర్వాత ఎడమవైపు ఆడే ఇంకొకరు మేజర్ గెలవడానికి 40 ఏళ్లు పట్టింది. 2003లో మాస్టర్స్ గెలిచిన ఆ మైక్ వేర్ కెనడావాడు. పదమూడేళ్లప్పుడు ఆయనకూ మా అమ్మాయి సమస్యే వచ్చింది. కుడికి మారిపోనా అని ఏకంగా జాక్ నిక్లాస్‌కే ఉత్తరం రాశాడు. 18 మేజర్ల ఘనత ఆయనది. నీకు సహజంగా వచ్చిన ఊపునే పట్టుకుని ఉండమని ఆయన జవాబిచ్చాడు. అంత పెద్ద ఆటగాడు ఊరూపేరూ తెలియని పిల్లాడికి తీరిక చేసుకుని జవాబు రాయడం నాకు ఆ మాస్టర్స్ కంటే గొప్పగా తోచింది.

మరుసటి ఏడాది మాస్టర్స్ గెలిచిన ఫిల్ మికెల్సన్ కథ తల్లులకు మరీ ఉపయోగం. ఆయనదీ కుడిచెయ్యే. రెండేళ్లు నిండకముందే తండ్రికి ఎదురుగా నిలబడి, ఆయన ఊపుతుంటే అద్దంలో బొమ్మలా తనూ ఊపేవాడు. తండ్రి కుడివైపు ఊపితే ఎదురుగా ఉన్న పిల్లాడికి అది ఎడమవైపు అవుతుంది కదా. ఆ నాన్న పిల్లాణ్ణి మార్చలేదు, ఒక కర్రను కోసి, తలను ఎడమవైపుకు మలిచి ఇచ్చాడు.

మరి ఆడవాళ్లలో? అమెరికాలో ఎల్‌పీజీఏ టూర్‌లో ఎడమవైపు ఆడి పోటీ గెలిచినామె బానీ బ్రయంట్, 1974లో. ఆ తర్వాత యాభై ఏళ్లలో ఇంకో పేరు కోసం వెతికాను, దొరకలేదు. మగవాళ్లలో 2003 నుంచి 2014 లోపల ఎడమవైపు ఆటగాళ్లు ఆరు మాస్టర్స్ గెలిచారు, ఆడవాళ్లలో ఇదీ వరస. ఆడవాళ్ల కొలతల్లో చేసే ఎడమ సెట్లు మరీ తక్కువ. దీనికి కారణం చేతిలో వెతకాలా, కొట్లో వెతకాలా మీరే చెప్పండి.

మన భాషకు మాత్రం ఈ వివక్ష మొదట్లో లేదేమో. డిగ్రీలో చదివిన పాత మాటలు గుర్తొచ్చాయి. వలపల అంటే కుడి, డాపల అంటే ఎడమ. వలపలగిలక అని మనం రాసే గుర్తుకు ఆ పేరు అక్షరానికి కుడిపక్కన ఉంటుందనే. నాగలికి వలపటెద్దు, దాపటెద్దు రెండూ కావాలి, దాపటిది తక్కువని ఏ రైతూ అనలేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికే బెత్తం. మా పెద్దమ్మకు చిన్నప్పుడు బడిలో ఎడమచేతి వేళ్ల మీద కొట్టి మరీ కుడిరాత నేర్పారట. ఆవిడ ఇప్పటికీ కూర తరిగేది ఎడమచేత్తోనే.

కొనేముందు మా అమ్మాయికి ఏమీ చెప్పకుండా పొడుగు చీపురిచ్చి వాకిట్లో ఎండుటాకులు ఊడవమన్నాను. మూడు రోజులు చూశాను. మూడుసార్లూ ఎడమవైపే నిలబడి ఊడ్చింది, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది. టొరంటో దగ్గరుండే మా ఆడపడుచును అడిగితే అక్కడి కొట్లలో ఎడమ సెట్లకు కరువు లేదంది. హాకీ కర్రను ఎడమవైపు పట్టి పెరిగిన పిల్లలు అక్కడ చాలామంది, గోల్ఫ్ కూడా అటే ఆడతారు.

పెద్దల కర్ర కోసి ఇవ్వొద్దని అందరూ చెప్పారు. పొట్టిదైనా బరువు, బిగువు తగ్గవు, పిల్ల దాన్ని ఈడ్చాల్సి వస్తుంది. పిల్లల సెట్లను వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఎంచాలి. పద్నాలుగూ అక్కర్లేదు. దూరం కొట్టడానికి ఒక వుడ్, ఒక 7 నంబర్ ఐరన్, ఒక వెడ్జ్, ఒక పటర్, అంతే తెప్పించాం. గ్లవ్ కొనేటప్పుడు మాత్రం మీరే చెప్పండి, లేకపోతే అలవాటుకొద్దీ ఎడమచేతిది ఇచ్చేస్తారు. ఎడమవైపు ఆడేవాళ్లకు గ్లవ్ కుడిచేతికి.

కోచ్ గారు సెట్టు చూసి ఏమీ అనలేదు. వరసలో చివరి చోటు దానికిచ్చి, తను ఎదురుగా నిలబడి చూపిస్తున్నారు.