తాళపుచెవికి వినికిడి వచ్చిన వైనం

గత కార్తికంలో కోటిపల్లి రేవులో స్నానం ముగించి మెట్లెక్కేసరికి, పైపంచె కొంగున ముడివేసుకున్న కారు తాళపుచెవి లేదు. ముడి ఉన్నది, చెవి లేదు. గౌతమీ గర్భంలో ఎన్ని ఉంగరాలు, ఎన్ని రాగికాసులు ఉన్నాయో, వాటి సరసన అదీ చేరింది. కారు కొన్ననాడు ఇచ్చిన జంటచెవి రెండేళ్ళ క్రితమే ఇల్లు మారిన సందట్లో మాయమైంది. అప్పుడే రెండవది చేయించుకోకపోవడం అచ్చంగా నా తప్పే.

మండపేట బజారులో తాళాలు బాగుచేసే దుకాణం నడుపుతున్నవాడు ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. ఫోను చేయగానే మోటారుసైకిలు మీద వచ్చి, ముప్పావుగంటలో తలుపు తెరిచి, తాళం లోపలి ఎత్తుపల్లాలను చూచి కొత్త చెవి కోసి పెట్టాడు. చెవి తిరిగింది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకొని మూగబోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

"చెవి కొయ్యడం వరకే నా పని మాస్టారండీ. దీనికి లోపల మాటుంటుందండి. ఆ మాట నాకు రాదండి" అన్నాడు.

"మాటేమిట్రా?"

"చెవి చెబితేనే బండి వింటుందండి."

ముప్పైయేళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పిన నాకు ఆ వాక్యం ఇంటికి వచ్చినా వదలలేదు. కన్నడిగులు దీనిని 'బీగద కై' అంటారు, అనగా తాళపు చేయి. హిందీవారి 'చాబీ' పోర్చుగీసు నావికులు తెచ్చిన మాట. మనకు మాత్రం అది చెవి. తరతరాలుగా చెవి అని పిలిచినా అది ఏనాడూ విన్నది లేదు, అదొక ఆకారం మాత్రమే. ఆ ఆకారం ఎలా వినడం నేర్చిందో తెలుసుకోవాలని కూర్చున్నాను.

మన పూర్వపు దొంగలకు తాళంతో పనిలేదు. 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు చారుదత్తుని ఇంటి గోడకే పూర్ణకుంభాకారంలో కన్నం వేస్తాడు. మట్టిగోడల ఊళ్ళలో తాళం కంటె గోడ మెత్తన. 'కన్నపుదొంగ' అన్న మాట అందుకే పుట్టింది. గోడలు గట్టిపడ్డ తరువాతనే తాళానికి గౌరవం వచ్చింది. లండనులో బ్రామా అనే తాళాల తయారీదారు, తన తాళాన్ని తెరిచినవానికి 200 గినీలు ఇస్తానని దుకాణపు కిటికీలో ఫలకం పెట్టించాడు. అరవైయేళ్ళకు పైగా ఆ ఫలకం అలాగే ఉన్నది. 1851లో మహాప్రదర్శన చూడవచ్చిన హాబ్స్ అనే అమెరికావాడు పదహారు రోజులలో, మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తెరిచి ఆ బహుమానం పట్టుకుపోయాడు. ఆ తరువాత 1861లో లైనస్ యేల్ పేటెంటు పొందిన పిన్నుల తాళమే నేటికీ మన ఇళ్ళ తలుపులకున్న అనేక తాళాలకు మూలపురుషుడు. మనదేశంలో అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ ప్రారంభించాడు.

కారుకు మొదట చెవితో పనే లేదు. ముందు నిలబడి ఇనుపకడ్డీ తిప్పి ఇంజనును లేపేవారు. 1912 నాటి కాడిలాక్ కారుతో విద్యుత్తు స్టార్టరు వచ్చింది. చెవి తిప్పగానే ఇంజను కూడా మొదలయ్యే ఏర్పాటు 1949లో క్రిస్లర్ కార్లలో వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళపుచెవిని హర్‌పాల్ సింగ్‌కు అందించిన ఛాయాచిత్రం చాలామంది చూసే ఉంటారు. ఆ చేతులు మారినది వట్టి లోహపు ముక్క. దాని రహస్యమంతా పళ్ళలోనే ఉన్నది. ఆకురాయి పట్టగల ఏ పనివాడైనా దానికి తోబుట్టువును పుట్టించగలడు. మా చిన్నతనంలో రైసుమిల్లు ఆసాముల అంబాసిడర్లకు ఒకరి చెవి ఇంకొకరి కారుకు పడుతుందని చెప్పుకుని నవ్వేవారు. అది ఎంత నిజమో గాని, ఆ నవ్వులో దొంగభయం లేదు.

దొంగభయం పెరిగిన అమెరికాలో 1986 కార్వెట్ కారు చెవిలో చిన్న విద్యుత్ నిరోధకం పొదిగారు. మొత్తం పదిహేను విలువలే. అంటే పదిహేను చెవులు చేతబట్టుకున్న దొంగకు ఓపిక ఒక్కటి ఉంటే చాలు. అసలైన మార్పు 1990లలో వచ్చింది. ఐరోపా సంఘం 1995లో ఆదేశం జారీచేసి, 1998 అక్టోబరు నుండి కొత్తకార్లన్నిటికీ ఇంజనును నిలువరించే ఎలక్ట్రానిక్ ఏర్పాటును తప్పనిసరి చేసింది.

దాని పనితీరు తెలిసినప్పుడు నాకు అష్టావధానం గుర్తుకు వచ్చింది. చెవి తలలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. (మనం మార్చే బ్యాటరీ తలుపులు తీసే మీటకే.) తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి వచ్చే రేడియో తరంగాలే దానికి ప్రాణం పోస్తాయి. అప్పుడు కారు పృచ్ఛకుని వలె ఒక సంఖ్యను సమస్యగా ఇస్తుంది. చిప్పు తనలో దాచుకున్న రహస్యసంఖ్యతో గణించి పూరణ చెబుతుంది. పూరణ సరిపోతేనే ఇంజనుకు ఇంధనం. ప్రతిసారీ కొత్త సమస్య కనుక, పక్కన నిలబడి నిన్నటి పూరణ విన్నవానికి నేడు ప్రయోజనం లేదు.

అయినా హాబ్స్ వంశం అంతరించలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పులోని రహస్యసంఖ్య నలభై బిట్లే కావడంతో, 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ పరిశోధకులు దానిని ఛేదించి చూపారు. జేబులో నుండి తీయకుండానే పనిచేసే చెవులు వచ్చాక, ఇంట్లో ఉన్న చెవి మాటను వీధిలోని కారుకు మోసుకుపోయే ఉపాయాన్ని 2011లో జ్యూరిక్ పరిశోధకులు పది రకాల కార్లపై ప్రయోగించి నిరూపించారు. కాని ఈ ఏర్పాటు అసలు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని మనవాళ్ళకు బాగా తెలుసు. 2015 నాటి హ్యుందాయ్, కియా కార్లలో నూటికి 26 నమూనాలకే అది ఉన్నది, ఇతరుల కార్లలో నూటికి 96కు ఉన్నది. 2021 తరువాత ఆ రెండు సంస్థల కార్ల దొంగతనాలు అక్కడ ఊరూరా వార్తలైనాయి. కనుక నన్ను రేవులో నిలబెట్టిన చిప్పును తిట్టడానికి నోరు రాదు.

నా ఫిర్యాదు వేరే. కారు నాది, రహస్యసంఖ్య తయారీసంస్థది. కారును మరో బండి మీదికెక్కించి రాజమహేంద్రవరం తీసుకుపోవలసి వచ్చింది. రిజిస్ట్రేషను పత్రం, గుర్తింపు కార్డు, పోలీసువారికిచ్చిన ఫిర్యాదు నకలు చూపితే గాని నేను నేనేనని తేలలేదు. దొంగకు అడ్డుగా ఇదంతా న్యాయమే. ఆ తరువాత కారు కంప్యూటరుకు యంత్రం తగిలించి, పాతచెవుల గురుతులు చెరిపి, కొత్తచెవుల గురుతులు నేర్పారు. గోదావరిలో ఉన్నది ఎవరికైనా దొరికినా, అది తలుపు తీయగలదేమో గాని ఇంజనును లేపలేదు. ఒక్క చెవి పోయి ఒకటి మిగిలి ఉంటే ఖర్చు బాగా తగ్గేదట. కారు దొంగల పాలైతే బీమావారు రెండు చెవులూ చూపమంటారని కూడా అక్కడే తెలిసింది.

పెద్దఊళ్ళలో ఆ నేర్పే యంత్రం కొనుక్కున్న తాళాలవారు ఉన్నారు. మా శిష్యుడు దాని ధర అడిగి ఊరుకున్నాడు. తిరిగి వచ్చాక కొత్తచెవిని అతనికి చూపించాను. అటూ ఇటూ తిప్పి, "పళ్ళు మాత్రం నేను కోసినట్టే ఉన్నాయండి" అన్నాడు. ఔను, అలాగే ఉన్నాయి.

రెండవ చెవిని, దానితో ఇచ్చిన సంఖ్య చెక్కిన బిళ్ళను మా తాతగారి భోషాణంలో పెట్టి తాళం వేశాను. ఆ భోషాణపు చెవి అతని తండ్రి ఆకురాయితో కోసినది.