గాజుబీరువాలో ఇమడని దిగంబర కవిత్వం

సంప్రదాయంతో తెగతెంపులు చేసుకొని, తయారైన కృతి కంటే అది జనం మధ్య జరిగే తీరుకే పెద్దపీట వేసే ధోరణిని కళాచరిత్రకారులు అవాంగార్డ్ అంటారు. 1962లో జర్మనీలోని వీస్‌బాడెన్ కచేరీలతో మొదలై, పియానోను విరగ్గొట్టడాన్ని సైతం సంగీతంగా ప్రదర్శించిన ఫ్లక్సస్ ఆ కోవలోదే. తెలుగునాట ఆ తెగువ చూపినవారు 1965-68 మధ్య మూడు సంపుటాలు వెలువరించిన ఆరుగురు దిగంబర కవులు. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్యలతో కలిసి నడిచిన మిగిలిన ఇద్దరూ గుంటూరు, ప్రకాశం సీమల వారు: తెనాలికి చెందిన నగ్నముని, లింగసముద్రానికి చెందిన మహాస్వప్న.

ఇంటిపేరుతో పాటు కులాన్నీ పట్టి ఇచ్చే అసలు పేర్లను వదిలేసిన ఈ కవులు, తమ కవితలను ‘దిక్’లు అని పిలిచి, కొత్త శకాన్ని ప్రకటించి, ఋతువులకు ఆశ, తపన, అశ్రు, మదిర, విరహ, విషాద అని పేర్లు పెట్టుకున్నారు. మొదటి సంపుటిని 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేతా, రెండోదాన్ని 1966లో విజయవాడలో ఒక హోటల్ కార్మికుడి చేతా, మూడోదాన్ని 1968లో విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేతా ఆవిష్కరింపజేశారు. వేదిక, అధ్యక్షుడు, పూలదండ లేనిదే పుస్తకం బయటికి రాని కాలంలో ఆ ఆవిష్కరణలే అసలు కృతులనీ, అచ్చయిన కవితలు వాటికి అనుబంధాలనీ అనడం అతిశయోక్తి కాదు. బూతు కవిత్వమంటూ విమర్శకులు మాటల దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ సంగతి చాలాకాలం మరుగున పడింది.

గ్రంథాలయ ప్రదర్శనకు చిక్కు వచ్చేది ఇక్కడే. 1918లో మొదలై, పాత పత్రికల భద్రతకు పేరుపడిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థ ఈ సంపుటాలను గాజుబీరువాలో పెట్టగలదు గానీ, ఆ అర్ధరాత్రిని పెట్టలేదు. అందుచేత ఏ కవితనో కాక, ఆవిష్కర్త ఎవరో తెలిపే వివరాన్నీ, కొత్త ఋతువుల పేర్లనూ ముందుంచడమే సబబు.

1970 జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నలుగురు అందులో చేరగా, మహాస్వప్న, భైరవయ్య బయటే ఉండిపోయారు. చేరిన నగ్నముని, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన మీద ‘కొయ్యగుర్రం’ అనే దీర్ఘకవిత రాశారు. దిగంబర సంపుటాల్లా కాక, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆవిష్కరణ ఎలా జరిగిందో తెలియనక్కరలేదు.